వంటింట్లో, బ్యారన్ దగ్గర, పడవ మీద: ఇంటి జీవితంలో విశ్వాస పాఠాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిల్లు కావలి, మెట్టినిల్లు టంగుటూరు పక్కన ఒక పొగాకు పల్లె, కాపురం ఒంగోలు. ముప్పై ఏళ్లుగా ఆదివారపు బడి పిల్లలకు పాఠం చెబుతున్నాను. పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చే తల్లులు చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్నలే ఇవన్నీ. జవాబులు నావి, పాస్టరు గారివి కావు. ఒకటి రెండింటికి ఆయన ఒప్పుకోరు కూడా.

మామూలు ఇంటి సంగతుల్లో విశ్వాస పాఠం వెతకడమంటే ఏమిటి?

యేసు చెప్పిన ఉపమానాల్లోని సామాన్లన్నీ ఒకచోట పోసి చూడండి. పులిసిన పిండి, దీపం, పోయిన నాణెం, పాత బట్టకు వేసిన కొత్త మాసిక, ఉప్పు, అర్ధరాత్రి తలుపు తట్టి మూడు రొట్టెలు బదులడిగిన స్నేహితుడు. అన్నీ ఇంట్లో దొరికేవే. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. ఆ నాలుగింటిలో ఆదివారం ఉదయం పదిన్నరకు జరిగే ఆరాధన లేదు.

అయితే మనం తొందరలో దాటేసే మాట ఒకటి దానికి ముందు ఉంది. ఈ మాటలు ముందు నీ హృదయంలో ఉండాలి అని. పెద్దవాళ్లకు అందని పాఠాన్ని పిల్లలకు వడ్డించబోతే ఖాళీ గరిటె తిప్పినట్టే ఉంటుంది. మిగతా జవాబుల్లో నేను చెప్పేదంతా ఇంచుమించు ఇదే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

దోసెల పిండి దగ్గర. నిజంగానే చెబుతున్నాను. ఒంగోలు ఎండల్లో రాత్రి పదింటికి పిండి రుబ్బి పెడితే, తెల్లారేసరికి అది మూతను నెత్తిన పెట్టుకుని గిన్నె అంచు దాటి వస్తుంది. అదే తుపాను ముసురు పట్టిన రోజుల్లో ఎంత సేపు చూసినా కదలదు. ఒక రోజు మా మనవరాలు మూత తీసి, పొంగిన పిండిని వేలితో పొడిచి, అది ఉస్సూరుమని కుంగడం చూసి, "లోపల ఎవరున్నారు నానమ్మా?" అని అడిగింది.

మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో ఒక స్త్రీ పులిసిన పిండిని మూడు కుంచాల పిండిలో "దాచిపెట్టింది" అని ఉంటుంది. కుంచం మన కొలతే, మా అత్తగారింట్లో ఇత్తడిది ఇప్పటికీ ఉంది. మూడు కుంచాలంటే ఒక ఇంటికి సరిపడే పిండి కాదు, వీధంతటికీ వస్తుంది. దాచిపెట్టడం అన్న మాట చూడండి. ఆమె పిండి పక్కన నిలబడి ప్రసంగం చేయలేదు. కలిపి, మూతపెట్టి, వేరే పనిలో పడింది. మనవరాలికి నేను ఇంత వివరం చెప్పలేదు. "ఎవరో ఉన్నారు, మనం పడుకున్నాక పని చేస్తారు" అన్నాను. ఆ మాట అనేశాక, దాని గురించి వారం రోజులు ఆలోచించింది నేనే.

వాక్యం అనగానే పిల్లలు లేచి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?

వెళ్లనివ్వండి. ప్లేటు పగిలితే ఒక పాఠం, మార్కులు తగ్గితే ఒక పాఠం, కుక్కపిల్ల చనిపోతే ఒక పాఠం అని ప్రతి సంఘటన చివరా మనం ఒక వచనం అతికిస్తూ ఉంటే, అమ్మ మాట మొదలుపెట్టగానే ఏం రాబోతోందో పిల్లలకు తెలిసిపోతుంది. నెలకు ఒక్కసారి, అదీ వాళ్లు అడిగినప్పుడు చెప్పింది నిలుస్తుంది. యేసు కూడా చాలా ఉపమానాలకు వివరణ ఇవ్వలేదు, శిష్యులు అడిగితేనే విప్పి చెప్పాడు.

కుటుంబ ప్రార్థన ఎంతసేపు ఉండాలి?

పదినిమిషాలు. ఒక పాట, ఒక చిన్న భాగం, ఇంట్లో అందరి పేర్లూ వచ్చే ప్రార్థన. మా మామగారు నలభై నిమిషాలు చేసేవారు. ఆయన భక్తి గొప్పదే, కానీ ఆమేన్ అనేసరికి మా మరిది గోడకు ఆనుకుని గురక పెడుతూ ఉండేవాడు.

బైబిలు భాష పిల్లలకు అర్థం కావడం లేదు. కంఠతా పట్టించవచ్చా?

పట్టించండి, కానీ అడుగుతూ ఉండండి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని గడగడా అప్పజెప్పిన ఒక అబ్బాయిని లేమి అంటే ఏమిటని అడిగితే, "అదొక జ్వరం టీచర్, మనకు రాదు" అన్నాడు. నవ్వుకున్నాను గానీ, కరువు ఎరిగిన జిల్లాలో పుట్టిన పిల్లవాడికి లేమి అనే మాట తెలియకపోవడం ఒక లెక్కకు సంతోషమే.

నేను కోపిష్టిని. పిల్లల మీద చేయి కూడా చేసుకుంటాను. నేను ఏ ముఖంతో విశ్వాసం గురించి చెప్పాలి?

ఈ ప్రశ్న అడిగిన తల్లి కళ్లు నేలమీదే ఉన్నాయి. ఆమెకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. బీరువాలో పెట్టిన అయిదు వందల నోటు కనిపించలేదు. ముందురోజే వాడు క్రికెట్ బ్యాటు కావాలని పేచీ పెట్టాడు. ఇంకేముంది, నా మనసులో విచారణ అయిపోయింది, తీర్పూ అయిపోయింది. సంచీ బోర్లించాను, జేబులు వెతికాను, రెండు దెబ్బలు వేశాను. వాడు ఏడవలేదు. గడప మీద కూర్చుని కాలి బొటనవేలితో నేలమీద గీస్తూ ఉన్నాడు. రాత్రి ప్రార్థనకు బైబిలు తెరిస్తే నోటు అందులో ఉంది. కృతజ్ఞతా కానుక కోసం నేనే మడిచి పెట్టి మరిచిపోయాను. ఏ పేజీలో దొరికిందో గుర్తులేదు, లూకా పదిహేనో అధ్యాయం అని చెబితే కథ బాగుండేది కానీ అది అబద్ధమవుతుంది.

ఆ అధ్యాయం మాత్రం ఆ రాత్రి చదివాను. పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ ఎవరినీ నిలదీయలేదు. దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా వెతికింది. దొరికాక ఇరుగుపొరుగును పిలిచి సంతోషించింది. నేను దీపం కంటే ముందు చేయి ఎత్తాను. వాణ్ణి లేపి, "నాన్నా, తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను. నిద్రమత్తులో, "సరే అమ్మా, రేపు పూరీలు చేస్తావా?" అన్నాడు. చేశాను. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. నేను చెప్పిన వందల పాఠాల్లో వాడికి ఏదీ గుర్తులేదట, అదొక్కటి తప్ప.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న మాట మనందరికీ కంఠస్థం. నాలుగు వచనాలు తిరగకముందే, మీ పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పిన మాట అక్కడే ఉంది. దాన్ని ఎవరూ గోడకు తగిలించుకోరు ఎందుకో.

చేయి చేసుకోవడం మాత్రం మానాలి. "బెత్తము వాడనివాడు" అనే సామెతల వచనం చూపించి నాతో వాదించినవాళ్లున్నారు. నేను మారలేదు.

మాది పొగాకు రైతు కుటుంబం. పొగ తాగవద్దని పిల్లలకు చెబుతూ పొగాకు పండించడం వేషధారణ కాదా?

మా మెట్టినింటి ప్రశ్న కూడా ఇదే, కాబట్టి మెత్తగా తప్పించుకోను. నెమ్ము నేలలో, తక్కువ నీటితో, అప్పు తీర్చగల పంటగా ప్రకాశంలో వర్జీనియా పొగాకు పాతుకుపోయింది. శనగ, మినుము వేసి చూసినవాళ్లు ఉన్నారు, ధర పడిపోతే మళ్లీ నారుమడి వైపు చూసినవాళ్లూ ఉన్నారు. ఇది తప్పా ఒప్పా అని పిల్లవాడు అడిగితే, "నాకూ బాధగానే ఉంది, దారి వెతుకుతున్నాం" అని నిజం చెప్పడమే నాకు తెలిసిన పాఠం. మాకు వేరే జవాబు ఉన్నట్టు నటిస్తేనే అది వేషధారణ.

ఇక బ్యారన్ దగ్గర, అంటే పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే గది దగ్గర, ఇంకొక సంగతి ఉంది. పచ్చి ఆకును కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక ఇంచుమించు వారం రోజులు మంట చూసుకోవాలి. ముందు ఆకు పసుపు తిరగాలి, తర్వాత రెక్క ఎండాలి, చివరికి కాడ ఎండాలి. వేడి మెల్లగా పెంచుతూ పోవాలి. తొందరపడి ఒక్కసారి పెంచితే రంగు చెడిపోతుంది, వేలంలో ధర పడిపోతుంది. మా మామగారు రాత్రిపూట గొంగళి కప్పుకుని పొయ్యి ముందు కూర్చుని, రెండు గంటలకోసారి లేచి టార్చిలైటుతో ఉష్ణోగ్రత చూసేవారు. ఒకసారి మా వారు, అప్పుడు ఆయన హైస్కూలు పిల్లవాడు, "నేను చూస్తాలే, నువ్వు పడుకో" అని తండ్రిని పంపి, తానూ నిద్రపోయారట. తెల్లారి చూస్తే మంట ఆరిపోయింది. మామగారు తిట్టలేదు. "గెత్సేమనేలో పేతురు కూడా ఒక గంట మేలుకోలేకపోయాడు, పో, కట్టెలు తీసుకురా" అన్నారట. అంత చిన్న మాట అనడానికి ఆయన ఎన్ని రాత్రులు మేలుకొని ఉండాలో ఆలోచించండి.

మేము చేపలవేట చేసేవాళ్లం. నాన్న ఇంట్లో ఉండే వేళే తెలియదు. కుటుంబ ప్రార్థన ఎలా కుదురుతుంది?

ఏడాది పొడుగునా కుదరకపోతే, కుదిరే రోజులున్నాయి కదా. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, వలలు బాగుచేసుకునే కాలం అది. చేతిలో డబ్బు ఆడదు, ఇంట్లో చికాకులు పెరుగుతాయి, అది నాకు తెలుసు. కానీ తండ్రి పిల్లలతో కూర్చునే కాలం కూడా అదే. యాకోబును, యోహానును యేసు పిలిచినప్పుడు వాళ్లు తండ్రి జెబెదయితో కలిసి పడవలో వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ వల పక్కన కూర్చుని ఆ కథ చెప్పగల తండ్రి ముందు నా ఆదివారపు బడి ఏపాటిది?

రాత్రంతా శ్రమపడి ఏమీ పట్టలేదన్న సీమోను పేతురు మాట కూడా మీ పిల్లలకు అర్థమైనంతగా టౌను పిల్లలకు అర్థం కాదు. డీజిలు ఖర్చు కూడా రాని తెల్లవారు జాములు వాళ్లు చూశారు.

అత్తాకోడళ్ల మధ్య మాటలు లేవు. రూతు కథ చెప్పమంటారా?

అత్తగారు కోడలికి చెప్పకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. "నువ్వు వెళ్లే చోటికే నేనూ వస్తాను" అన్న మాటను పెళ్లి శుభలేఖల మీద భార్యాభర్తల మాటలా వేస్తున్నాం. అది రూతు అనే కోడలు తన అత్త నయోమితో అన్నది. అంతకుముందు అత్త ఏమన్నదో చాలామందికి గుర్తుండదు. "మీ మీ పుట్టిళ్లకు తిరిగి వెళ్లండి, మళ్లీ పెళ్లిళ్లు చేసుకోండి" అని నయోమి ఇద్దరు కోడళ్లనూ ముద్దుపెట్టుకుని పంపించబోయింది. రెండో కోడలు ఓర్పా వెళ్లిపోతే బైబిలు ఆమెను ఒక్క మాట అనలేదు. వదిలిపెట్టగలిగిన అత్త దగ్గరే ఆ కోడలు నిలిచింది.

కాబట్టి అత్తలు నయోమి భాగం చదువుకోవాలి. రూతు భాగం కోడలు తనకు తానుగా చదువుకుంటే చదువుకుంటుంది. మా కోడలితో నాకు మాటలు ఆగిన మూడు వారాల్లో నేను చేసిన మంచి పని ఒక్కటే, ఆమె పుట్టింటికి వెళ్తానంటే మామిడికాయ వేసిన చేపల పులుసు గిన్నెలో పెట్టి ఇచ్చాను. నెల్లూరు వాళ్లం, మాట రానప్పుడు పులుసు పెడతాం.

ఇంట్లో అందరూ విశ్వాసులు కాదు. గొడవలు రాకుండా ఎలా?

మా పక్కింటివాళ్లు సంక్రాంతికి అరిసెలు ఇస్తారు, మేము క్రిస్మస్‌కు కేకు, కజ్జికాయలు ఇస్తాం. ఇంటి లోపల మాత్రం అంత తేలిక కాదు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం వాక్యం లేకుండానే, నడవడితో మనసు గెలవవచ్చని భార్యలకు చెబుతుంది. మాట తగ్గించమన్నది అందులో నాకు నచ్చిన భాగం. అయితే కొట్టే భర్తను మౌనంగా భరించమని ఆ వచనంతో చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వినవద్దు. దెబ్బలు తినే ఇల్లు పాఠశాల కాదు, బయటికి రండి, పెద్దలకు, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

మన ప్రాంతపు క్రైస్తవ చరిత్ర పిల్లలకు ఎలా చెప్పాలి?

బస్సులో వెళ్తూ చెప్పండి. ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ మిషనరీలు జ్యూవెట్ దంపతులు, వాళ్లతో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్లు ప్రార్థన చేశారు. అప్పటికి నెల్లూరులో బాప్టిస్టు మిషను మొదలై పద్నాలుగేళ్లయినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంతే. మిషనును మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగిన రోజులవి. ఒంగోలుకు ఇంకో అమెరికన్ మిషనరీ క్లౌ దొర వచ్చి స్థిరపడింది ఆ ప్రార్థన తర్వాత పన్నెండేళ్లకు, 1866లో.

1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. నాకు ఇష్టమైన భాగం ఇది: అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు అదే వెల్లంపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. మా వారు బేళ్లు వేసుకుని వెళ్లినప్పుడల్లా నాకు రెండు సంగతులూ కలిసి గుర్తొస్తాయి.

ఇంకొకటి దాచకుండా చెప్పండి. ఆ విశ్వాసం మన దగ్గరికి దొరల బంగళాల నుంచి మాత్రమే రాలేదు. తాళ్లకొండపాడు పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, మాదిగ కుటుంబంలో పుట్టినవాడు, పల్లె పల్లె తిరిగి చెప్పిన మాట మీద నిలబడింది. అది తెలిసి కూడా మన ఇళ్లలో పనిమనిషికి గ్లాసు వేరుగా కిటికీలో పెడుతున్నామంటే పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారు? వాళ్లు ప్రార్థన కంటే ముందు గ్లాసునే చూస్తారు. ఒక ఆదివారం నేను ఈ మాట బడిలో చెబితే రెండు కుటుంబాలు నాలుగు వారాలు రాలేదు. తర్వాత ఒక కుటుంబం వచ్చింది.

జరిగిన ప్రతిదానిలో దేవుడు ఏదో చెబుతున్నట్టేనా?

కాదు. బస్సు తప్పిపోతే తప్పిపోయింది. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లు మునిగినప్పుడు, "పాపం పెరిగింది కాబట్టే" అని ఫోనులో సందేశాలు తిరిగాయి. మునిగినవాళ్లలో మా బంధువులు ఉన్నారు, వాళ్ల పాపం మా పాపం కంటే ఎక్కువని నేను ఒప్పుకోను. లూకా పదమూడులో సిలోయం గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. ఆ వారం సంఘంలో స్త్రీలు చేసిన సరైన పని పులిహోర పొట్లాలు కట్టడం.

ఇంట్లో జబ్బు, మరణం ఉన్నప్పుడు పిల్లలకు ఏ పాఠం చెప్పాలి?

అప్పుడు పాఠం వద్దు. కష్టాల్లో పడ్డ యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మాట లేకుండా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే, నోరు విప్పాకే చెడింది. పిల్లవాడు "తాతయ్య ఎందుకు చనిపోయాడు?" అంటే "నాకూ ఏడుపొస్తోంది" అనండి. లాజరు సమాధి దగ్గర యేసు కూడా ఏడ్చాడు. ఇంకొక మాట: విశ్వాసం పేరుతో మందులు మానవద్దు. మా బంధువు ఒకామె ప్రార్థన చేయించుకుని రక్తపోటు మాత్రలు ఆపింది. ఇప్పుడు ఆమె కుడిచేయి లేవదు, ఎడమచేత్తో బైబిలు పేజీలు తిప్పుతుంది.

పిల్లలతో కానుక వేయించాలా?

వేయించండి, కానీ చర్చి గుమ్మంలో అప్పటికప్పుడు చేతిలో నోటు పెట్టవద్దు. వాళ్ల డబ్బులోంచి వాళ్లే తీసి వేయనివ్వండి. మార్కు పన్నెండులో పేద విధవరాలు కానుకగా వేసిన రెండు కాసులు ఆమెవే.

ఇంతకీ, ఏ పాఠమూ దొరకని రోజు?

అలాంటి రోజులే ఎక్కువ. నీళ్ల ట్యాంకరు రాలేదు, కరెంటు పోయింది, అందరూ విసుక్కున్నారు, ప్రార్థన కూడా కాలేదు. ఏలీయా ప్రవక్త కూడా ఒక రోజు విసిగిపోయి బదరీ చెట్టు కింద చావు కోరుకుని పడుకున్నాడు. దేవదూత వచ్చి అతన్ని మందలించలేదు, వచనం చెప్పలేదు. తట్టి లేపి, లేచి తినమన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డి నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు.